మెట్టసీమకు తగిన ఇంధనం



1900లో ప్యారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజను శనక్కాయ నూనెతో నడిచింది. ఆఫ్రికాలోని తన వలస రాజ్యాల్లో విస్తారంగా పండే ఆ పంటతోనే అక్కడి యంత్రాలను నడపవచ్చునేమో చూడాలని ఫ్రెంచి ప్రభుత్వం అనుకున్నదట. ఆ ఇంజనును కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిలే తర్వాత ఈ మాట చెప్పాడు. శనక్కాయ పండించే పులివెందుల పొలాలకు ఇది ఆశ పుట్టించే కబురే. అయినా ఇంధనం కోసం మన మెట్టలో పంట వేయకూడదనీ, గట్ల మీద పెరిగే చెట్ల నుంచీ వాడి పారేసే నూనె నుంచీ దాన్ని రాబట్టాలనీ నా వాదం.

ఈ సీమ ఒకసారి ఇంధన పంటల దారిలో నడిచింది. 2003లో ప్రణాళికా సంఘం నివేదిక జత్రోఫాను, అంటే అడవి ఆముదాన్ని, దేశానికి డీజిల్ చెట్టుగా చూపించింది. పులివెందుల శాసనసభ్యుడు వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో రాష్ట్రం కూడా మెట్ట ప్రాంతాల్లో జత్రోఫాను, కానుగను ప్రోత్సహించింది. కరువు రైతుకు ఆసరా చూపాలన్న ఆ తపన మెచ్చదగింది. కానీ జత్రోఫా ఎండకు చావకపోయినా, నీళ్లు లేనిచోట చాలినంత కాయలేదు. బతకడం వేరు, కాయడం వేరు. కాసిన కొద్ది గింజకు కూడా నమ్మకమైన కొనుగోలుదారు లేకపోయాడు.

ఒక లెక్క చూడండి. ఎకరాకు టన్ను గింజ పండిందని ఉదారంగా అనుకున్నా, నూనె సుమారు 300 లీటర్లు. అందులోని శక్తి మూడు వేల యూనిట్లకు మించదు. ఇంజనులో అందులో మూడోవంతే చలనంగా మారుతుంది. జమ్మలమడుగు పక్కన మైలవరంలో ఉన్నటువంటి సౌర ఫలకాలు ఎకరాకు ఏడాదికి సుమారు మూడు లక్షల యూనిట్లు ఇవ్వగలవు. వంద రెట్లు! భూమిని ఇంధనానికే కేటాయించాలంటే ఎండను పట్టుకోవడమే మేలు. ఇక చెరకు ఇథనాల్ సంగతి: లీటరుకు సుమారు 2,860 లీటర్ల నీరు పడుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. మన కర్నూలు-కడప (కె.సి.) కాలువ నీటిని అందుకు పోయడం తగదు. మొక్కజొన్నను ఇథనాల్‌కు మళ్లించాక, దాన్ని ఎగుమతి చేసిన దేశమే 2024లో దిగుమతికి దిగింది. ఆ భారం కోళ్ల దాణా మీద పడింది.

అలాంటప్పుడు అంతా కరెంటు బండ్లకే వదిలేయవచ్చు కదా అని అడుగుతారు. మోటారు సైకిళ్లకు, ఆటోలకు ఆ మాట నిజమే. కోత కాలంలో పగలూ రాత్రీ పొలంలో ఉండే ట్రాక్టరుకు, దూరం పోయే లారీకి ఇంకా చాలా ఏళ్లు ద్రవ ఇంధనమే కావాలి. ఉన్న జీవ డీజిల్‌ను వీటికే దాచాలి.

అందుకు కానుగ తగినది. గట్టున, బాట పక్కన పెరుగుతుంది, పశువులు మేయవు, వేళ్లు నేలకు నత్రజని ఇస్తాయి, గింజలో మూడోవంతు దాకా నూనె ఉంటుంది, పిండగా మిగిలిన చెక్క పొలానికి ఎరువు. నూనె తినడానికి పనికిరాదు కనుక కంచంలోని తిండికి పోటీ రాదు. లోపాలూ ఉన్నాయి. కాపుకు వచ్చేసరికి అయిదారేళ్లు పడుతుంది. గింజ నిల్వ ఉంటే నూనెలో ఆమ్లం పెరుగుతుంది. దాన్ని ముందు తగ్గించుకుంటే తప్ప మిథనాల్, క్షారం కలిపి జీవ డీజిల్ చేసినప్పుడు సబ్బు కట్టి నష్టమవుతుంది. ఇవి తెలిసిన లోపాలు, పరిష్కారాలూ తెలిసినవే.

రెండో వనరు బజ్జీల బండిలో, హోటల్ బాణలిలో ఉంది. పదేపదే కాగిన నూనెలో ధ్రువ సమ్మేళనాలు 25 శాతం దాటితే వంటకు వాడరాదని ఆహార భద్రతా సంస్థ నియమం. అలాంటి నూనెతో తయారైన జీవ డీజిల్‌ను కొంటామని 2019లో చమురు కంపెనీలు ముందుకొచ్చాయి. ప్రొద్దుటూరులో ఆ నూనె సేకరించి అమ్మితే ప్రజారోగ్యానికీ మేలు, బండికీ ఇంధనం.

ఇదంతా చాలా కొద్ది కదా అంటారు. కొద్దే. దేశం చమురు దిగుమతి దీనితో ఆగిపోదు. కానీ భూమినీ నీళ్లనూ తినకుండా వచ్చేది కొద్దిగానైనా నిలుస్తుంది.

వ్యవసాయ, అటవీ అధికారులకు నా విన్నపం ఒక్కటే. ఈసారి మొక్క పంచే ముందు గింజకు ధర ప్రకటించండి, కొనే కేంద్రం ఎక్కడో చెప్పండి. ఆ తర్వాతే రైతును గుంత తవ్వమనండి.