ఇంటిపేరులోని ఊరు

క్రొత్తవారు కలిసినప్పుడు తెనుగువారమైన మనము త్వరలోనే అడుగు ప్రశ్న "తమ యింటిపేరేమి?" అనునది. ఆ యొక్క మాటతో ఊరు, వంశము, బంధుత్వము అన్నియు తెలిసిపోవునని మన నమ్మకము. ఈ నమ్మకములో నిజమెంతయో ఒక పేరును తీసికొని చూతము. ఆ పేరు కలిదిండి.

కలిదిండి కొల్లేటి సీమలో, కైకలూరికి చేరువనున్న గ్రామము. చిరకాలము కృష్ణాజిల్లాలోనుండి 2022వ సంవత్సరమున ఏలూరు జిల్లాలో చేరినది. జిల్లా మారినను ఊరిపేరు మారలేదు. నన్నయభట్టు నాదరించిన రాజరాజనరేంద్రుని తామ్రశాసనమొకటి ఈ యూరిపేరుతోనే ప్రసిద్ధము. ఆ రాజు పక్షమున కర్ణాటసేనలతో పోరి నేలకొరిగిన ముగ్గురు చోళ సేనానుల స్మృతికై మూడు శివాలయములు నిర్మించి, గ్రామము లొసగినట్లు ఆ శాసనము తెలుపుచున్నది. అది 11వ శతాబ్దపు మాట.

ఇట్టి ఊరిపేరు ఇంటిపేరెట్లయినది? మన భాషయే దీనికి సమాధానము చెప్పును. ముదునూరు నుండి వచ్చినవారు ముదునూరివారు. కొల్లేరు కొల్లేటి యగును. ఊరిపేరు చివరనున్న 'పాడు' 'పాటి' యగును. 'ఆ యూరికి చెందిన' అను అర్థము ఆ మార్పులోనే యిమిడియున్నది. కలిదిండి ఇకారముతో ముగియుటచే మార్పు పొందక, ఊరికిని ఇంటికిని ఒక్క రూపమే నిలిచినది.

ఇచట గమనింపదగిన విషయమొకటి కలదు. కలిదిండిలో నున్నవారి నందరిని కలిదిండివారనిన గుర్తింపేమి? అచట అందరు నా యూరివారే కదా! ఊరు విడిచి వేరొకచోట కాపురము పెట్టినప్పుడే, ఇరుగుపొరుగువారు వారిని "కలిదిండివారు" అందురు. కావున ఇట్టి యింటిపేరు నివాసమునకు గాక, వలసకు గుర్తు.

ఈ పేరు ప్రయాణమును చూడుడు. పశ్చిమగోదావరిలో మొగల్తూరు జమీందారులు కలిదిండివారు. డెల్టాలోని క్షత్రియ కుటుంబములలో ఈ పేరు సుపరిచితము. చదువులు, ఉద్యోగములు పెరిగిన కొలది అది హైదరాబాదునకు, సముద్రములు దాటి అమెరికాకును చేరినది. అచటి జార్జియా టెక్ విద్యాసంస్థలో పదార్థ విజ్ఞానాచార్యులైన సూర్య కలిదిండిగారి పేరు చివర మన కొల్లేటి సీమ గ్రామమే యున్నది. ఇంట ముందు నిలిచిన పేరు విదేశమున వెనుకకు పోయినది, అంతియే భేదము.

అయినను, ఇంటిపేరొకటియైన వారెల్ల ఒక్క వంశమువారని తలపరాదు. ఒకే యూరినుండి వేర్వేరు కాలములలో, వేర్వేరు కులములవారు బయలుదేరినచో అందరికి నాపేరే రావచ్చును. అన్నదమ్ములు రెండూళ్లలో స్థిరపడి రెండింటిపేర్లు పొందుటయు కలదు. పెండ్లిమాటలలో పెద్దలు ఇంటిపేరుతో తృప్తిపడక గోత్రము నడుగుట ఇందువలననే.

నేడీ జ్ఞాపకమునకు ముప్పు మరొక వైపునుండి వచ్చుచున్నది. పేరు ముందు 'కె.' అని వ్రాసినచో అది కలిదిండియో, కొల్లూరియో, కొమ్మూరియో తెలియదు. ఆంగ్లలిపిలో 'ద'కును 'డ'కును ఒక్కటే అక్షరము. తెలుగు చదువరాని మనుమడు తన యింటిపేరునే తప్పుగా పలుకవలసివచ్చును. ఇక ఆడపడుచుల పుట్టినింటిపేరు పెండ్లితో పత్రములనుండియే తొలగిపోవుట పరిపాటి. ఒక తరము గడచిన పిమ్మట అమ్మమ్మ యే యింటి పిల్లయో చెప్పువారుండరు.

ఖర్చులేని ఉపాయమొకటి మన చేతిలోనున్నది. ఇంటి పెద్దలు మనతోనుండగనే వారినడిగి, తండ్రివైపు, తల్లివైపు, నాయనమ్మ, అమ్మమ్మల పుట్టినిండ్ల పేర్లు, వారి వారి యూళ్లతో సహా, తెలుగులిపిలో పూర్తిగా వ్రాసి యుంచుకొందము. అది ఘనతను చాటుకొనుటకు కాదు. మన పూర్వులు ఏ గట్టునుండి నడచివచ్చిరో మన పిల్లలకు చెప్పుటకు.