బిడ్డకు పదునెనిమిదేండ్లు నిండకముందే
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన సభలలో తెలుగు బడులను గూర్చియు, భాషా అల్పసంఖ్యాకుల హక్కులను గూర్చియు మాటలాడుకొనుట వాడుక. నేడు నేనెత్తుకొన్నది అమెరికా దేశపు చట్టము. అయినను అది మన గడపకు దూరమైనది కాదు. హోసూరులోను, బళ్ళారిలోను, బరంపురములోను, షోలాపురములోను, యానాములోను కొమారుడో కూతురో అమెరికాలో స్థిరపడిన యిండ్లు అనేకములు కలవు. ఆ యిండ్ల పెద్దలు అడుగు ప్రశ్న యొకటి యున్నది. "మనుమని గ్రీను కార్డు గడువు దగ్గర పడినదట. ముందు కార్డు మార్పించవలెనా, లేక పౌరసత్వమునకే వ్రాసికొనవలెనా?"

ఈ ప్రశ్నకు జవాబు కార్డు గడువులో లేదు. బిడ్డకు 18 ఏండ్లు నిండు దినము ఏది, తల్లియో తండ్రియో పౌరసత్వ ప్రమాణము చేయు దినము ఏది, ఈ రెంటిలో ఏది ముందు వచ్చును అన్నదే అసలు సంగతి.

యానాము వారికి ఇట్టి సంగతి వింత కాదు. 1954 నవంబరు 1న ఫ్రెంచివారు అచ్చటి పాలనను మన ప్రభుత్వమునకు అప్పగించిరి. చట్టరీత్యా విలీనము 1962 ఆగస్టు 16న జరిగినది. అంతకుముందు 1956 మే 28న ఉభయ దేశములు చేసికొన్న ఒప్పందమును బట్టి, అచ్చట పుట్టి అచ్చటనే కాపురమున్న ఫ్రెంచి పౌరులు ఆ విలీనమునాటి నుండి భారత పౌరులైరి. ఫ్రెంచి పౌరసత్వమే నిలుపుకొన దలచినవారు 6 నెలలలోగా వ్రాతమూలకముగా తెలుపుకొనవలసి యుండెను. 18 ఏండ్లు నిండని, పెండ్లి కాని పిల్లల సంగతి ఏమి? తండ్రి చేసిన ప్రకటనయే వారికిని చెల్లినది. తండ్రి లేనిచో తల్లి చేసినది. ఒక్క సంతకముతో బిడ్డ ఏ దేశపు పౌరుడో నిర్ణయమైనది. అమెరికా చట్టములోను నేడు ఇంచుమించు అదే పోలిక కలదు, కాని అచ్చట గడువు ఆరు నెలలు కాదు, బిడ్డ వయస్సే గడువు.

అమెరికాలో 18 ఏండ్లు నిండనిదే ఎవరును తమంతట తాము పౌరసత్వమునకు దరఖాస్తు చేసికొనరాదు. పిల్లలకు వేరొక దారి యున్నది. 2000 సంవత్సరమున చేయబడి 2001 ఫిబ్రవరి 27 నుండి అమలులోనికి వచ్చిన బాలల పౌరసత్వ చట్టము ప్రకారము, తలిదండ్రులలో ఒక్కరు అమెరికా పౌరులైనను చాలును. బిడ్డ 18 ఏండ్ల లోపువాడై, గ్రీను కార్డు గలవాడై, ఆ పౌరుడైన తల్లి లేక తండ్రి సంరక్షణలో, వారితో గూడ అమెరికాలో నివసించుచున్నచో, తనంత తానుగా పౌరుడగును. దరఖాస్తు లేదు, పరీక్ష లేదు, ప్రమాణము లేదు. పెద్దలకు మాత్రము పరీక్ష తప్పదు. 2025 అక్టోబరు 20 నుండి దరఖాస్తు చేసినవారికి 128 ప్రశ్నల పట్టిక నుండి 20 అడుగుదురు. 12 సరిగా చెప్పవలెను. తండ్రి ఆ ప్రశ్నలు వల్లించుచుండగా బిడ్డ ఆడుకొనుచుండవచ్చును. ఫలము ఇద్దరికిని వచ్చును.

అయితే ఈ షరతులన్నియు ఒకే సమయమున, 18 నిండకముందే, కూడి యుండవలెను. ఇచ్చటనే పలువురు పొరబడుచున్నారు. తండ్రి దరఖాస్తు పంపిన నాడు బిడ్డకు 17 ఏండ్లే గదా అని నిశ్చింతగా నుందురు. దరఖాస్తు దినము లెక్కకు రాదు. ఇంటర్వ్యూలో నెగ్గిన దినమును రాదు. ప్రమాణము చేసిన దినమే లెక్క. ఆ దినమునకు బిడ్డకు 18 నిండియున్నచో, ఒక్క దినమే దాటినను, తండ్రి పౌరుడగును గాని బిడ్డ గ్రీను కార్డుతోనే మిగులును. గ్రీను కార్డు కొరకు వేచియుండు పిల్లల వయస్సును కొన్ని సందర్భములలో తగ్గించి లెక్కించు చట్టమొకటి 2002లో వచ్చినది. దానిని విన్నవారు ఇదియు అట్లే యనుకొందురు. పౌరసత్వమునకు ఆ సదుపాయము లేదు.

కాబట్టి వెనుకకు లెక్కించుడు. కార్డు మీద "రెసిడెంట్ సిన్స్" అను మాట ప్రక్కన ఒక తేదీ యుండును. ఆ తేదీ నుండి 5 ఏండ్లు నిండిన పిమ్మట పెద్దలు పౌరసత్వమునకు అర్హులు. అమెరికా పౌరుని వివాహమాడి వారితో కాపురమున్నవారికి 3 ఏండ్లు. ఈ గడువునకు 90 దినముల ముందుగనే దరఖాస్తు పంపవచ్చును. ఉదాహరణకు తండ్రి కార్డు మీద 2021 జూన్ 10 అని యున్నదనుకొందము. 5 ఏండ్లు 2026 జూన్ 10న నిండును. దరఖాస్తునకు వాకిలి 2026 మార్చి 12ననే తెరచుకొనును. బిడ్డకు 18 ఏండ్లు 2026 నవంబరు 2న నిండునెడల, దరఖాస్తు, వ్రేలిముద్రలు, ఇంటర్వ్యూ, ప్రమాణము అన్నియు ఆ యెనిమిది నెలలలోపలనే ముగియవలెను. ఆ యింటివారు "వేసవి సెలవులకు ఊరికి పోయి వచ్చి వ్రాసికొందము" అనుకొనుట నాకు సమ్మతము కాదు. తలిదండ్రులిద్దరును అర్హులైనచో ఇద్దరును ఒకేసారి వ్రాసికొనుట మేలు. ఎవరి ప్రమాణము ముందు జరిగినను బిడ్డకు చాలును. పోలీసు కేసు గాని, పన్నుల చిక్కు గాని, దీర్ఘకాలము విదేశములలో నుండుట గాని, విడాకుల తగవు గాని ఉన్నవారు మాత్రము న్యాయవాదిని సంప్రదింపక దరఖాస్తు పంపరాదు.

భారతదేశమున పుట్టి ఉద్యోగముపై పోయినవారికి గ్రీను కార్డు వచ్చుటకే ఏండ్లు పట్టుచున్నందున, బిడ్డకు 14, 15 ఏండ్లు వచ్చిన పిమ్మట కార్డు చేతికందు కుటుంబములు మనలో పెక్కు. వారికి 5 ఏండ్లు నిండునప్పటికి బిడ్డ 18 దాటును. అట్టివారు తొందరపడి ప్రయోజనము లేదు. బిడ్డ తన 5 ఏండ్లు నిండగానే, 18 దాటినవాడు గనుక, తానే స్వయముగా వ్రాసికొనవలెను. చిన్నతనమున గడచిన కాలమును ఆ 5 ఏండ్లలో చేరును.

ఇక కార్డు సంగతి. కార్డు సాధారణముగా 10 ఏండ్లకు ఇత్తురు. గడువు ముగిసినది కార్డునకే గాని శాశ్వత నివాస హక్కునకు గాదు. ఇది తెలియక బెంగపడువారు ఎందరో. గడువునకు 6 నెలల ముందు నుండి మార్పునకు వ్రాసికొనవచ్చును. 2024 సెప్టెంబరు నుండి అట్లు వ్రాసికొన్నవారికి వచ్చు రసీదు, పాత కార్డుతో కలిపి చూపినచో, 36 నెలలు చెల్లునట్లు ఏర్పాటు చేసిరి. పౌరసత్వమునకు వ్రాసికొన్న పెద్దలకు ఆ రసీదే 24 నెలలు కార్డును పొడిగించును. ఈ సౌకర్యము 2022 డిసెంబరు 12న వచ్చినది. కాని తండ్రి రసీదు తండ్రి కార్డునే పొడిగించును, బిడ్డ కార్డును పొడిగింపదు. తండ్రి ప్రమాణము ఖాయముగా దగ్గరలో నున్నచో, బిడ్డకు ప్రయాణమేమియు లేనిచో, బిడ్డ కార్డు కొరకు రుసుము చెల్లింపక ఆగవచ్చునని నా అభిప్రాయము. ప్రమాణము ఎప్పుడో తెలియకున్నను, ప్రయాణము తలపెట్టినను, మార్పించుకొనుటయే క్షేమము. తండ్రి ప్రమాణముతో పౌరుడైన బిడ్డకు మాత్రము కార్డు మార్పు అడుగరాదు. అతడు అప్పటికి శాశ్వత నివాసి కాడు, పౌరుడు. ఇంకొక్కటి. బిడ్డకు 14 ఏండ్లు నిండిన 30 దినములలో వ్రేలిముద్రలిచ్చి క్రొత్త కార్డునకు వ్రాసికొనవలెనను నియమము కలదు. కార్డు గడువు ఇంకను మిగిలి యున్నది గదా అని దీనిని మరచువారు మెండు.

ఇప్పుడు తాతలకు, అవ్వలకు నేను ప్రత్యేకముగా చెప్పదలచినది. మనుమలను రెండు మూడేండ్లు మన యొద్ద నుంచుకొని, నాలుగు తెలుగు ముక్కలు నేర్పి పంపవలెనని మనకు కోరిక. కోరిక మంచిదే. కాని బిడ్డ అమెరికాలో తలిదండ్రులతో నివసించుచుండవలెనన్నది చట్టపు షరతు. వేసవికి వచ్చి పోవుట దోషము కాదు. ఇచ్చటి బడిలో చేర్చి యుంచిన బిడ్డకు, తండ్రి ప్రమాణము చేసినంత మాత్రమున పౌరసత్వము రాదు. ముందుగా పునఃప్రవేశ అనుమతి పత్రము పొందక ఏడాదికి మించి వెలుపల నున్నచో గ్రీను కార్డుతో తిరిగి ప్రవేశించుటయే కష్టము. హక్కు పోగొట్టుకొనక 18 లోపల తిరిగి పోయి తలిదండ్రులతో కాపురమున్నచో, ఆనాటి నుండి పౌరుడగును. వెలుపలనే పెరుగు బిడ్డలకు వేరొక దరఖాస్తు ఉన్నది గాని, అందును బిడ్డ అమెరికాకు పోవలెను, 18 నిండకముందే అంతయు ముగియవలెను.

పౌరసత్వము తనంత తాను వచ్చినను, రుజువు తనంత తాను రాదు. రుజువులు రెండు: పాస్‌పోర్టు, పౌరసత్వ ధృవపత్రము. 2024 ఏప్రిల్ 1న అమలైన పట్టికలో ధృవపత్రమునకు కాగితముపై వ్రాసికొన్నచో 1,385 డాలర్లు, ఆన్‌లైన్‌లో 1,335 డాలర్లు. పాస్‌పోర్టు ఖర్చు అందులో పదియవ వంతు ప్రాంతము. పాస్‌పోర్టునకు గడువున్నది, ధృవపత్రమునకు లేదు. ముందు పాస్‌పోర్టు తీసి, డబ్బు కూడినప్పుడు ధృవపత్రము తీసికొనుట అందరికిని అనుకూలము.

ఈ రుజువులకు బిడ్డ జనన ధృవపత్రము కావలెను. అది ఇచ్చటి పురపాలక కార్యాలయములలో ఉండును గనుక, ఆ పని మనదే. తమిళములోనో, ఒడియాలోనో, కన్నడములోనో మాత్రమే యున్నచో సంపూర్ణమైన ఇంగ్లీషు అనువాదమును, అనువాదకుడు తన సామర్థ్యమును ధృవీకరించి చేసిన సంతకమును జతపరుపవలెను. మన పేర్లతో మరియొక చిక్కు. మదరాసు వైపు ఇంటిపేరునకు బదులు తండ్రి పేరు మొదటి అక్షరము. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా. గ్రీను కార్డులో పేరు తారుమారు. తండ్రి పేరు బిడ్డ ధృవపత్రములో ఒక విధముగను, తండ్రి పౌరసత్వ పత్రములో ఇంకొక విధముగను ఉన్నచో, వీరు తండ్రీబిడ్డలని నిరూపించుటకే నెలలు పట్టును. దిద్దుబాటునకు పురపాలక కార్యాలయము చుట్టు ఎన్నిమారులు తిరుగవలెనో మీకు నేను చెప్పనక్కరలేదు.

మన దేశపు చట్టము ద్వంద్వ పౌరసత్వమును అంగీకరింపదు. 1955 పౌరసత్వ చట్టము 9వ విభాగము ప్రకారము, కోరి అన్యదేశ పౌరసత్వము పొందినవారు భారత పౌరులు కాజాలరు. పాత పాస్‌పోర్టును అప్పగించి, విదేశ భారతీయ పౌర కార్డు, అనగా ఓసీఐ, తీసికొనవలెను. ఆ పథకము 2006 జనవరిలో హైదరాబాదులోనే ప్రారంభమైనది. దానితో వచ్చి పోవచ్చును; వోటు లేదు, వ్యవసాయ భూమి కొనరాదు. తాతగారి పొలము వారసత్వముగా వచ్చినచో మాత్రము అభ్యంతరము లేదు. ఇవన్నియు ఆలోచించి, పౌరసత్వము వద్దనుకొను కుటుంబములు వద్దనుకొనవచ్చును. తేదీ దాటిపోయినందున బిడ్డకు రాకుండ పోవుట వేరు, తెలిసి వద్దనుకొనుట వేరు.

మనుమల జనన ధృవపత్రముల నకళ్లు తెచ్చినవారు సభ ముగిసిన పిమ్మట ఈ బల్ల యొద్దకు రావలెనని కోరుచున్నాను. పేర్లను పాస్‌పోర్టు నకలుతో సరిపోల్చి చూతము.