పళ్లెంలో నీళ్లు, మిరియాల పొడి
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)

ఐదు నిమిషాలే మాట్లాడమన్నారు. ఒక పళ్లెం నీళ్ల సంగతి చెప్పి కూర్చుంటాను.

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా సైన్సు మాస్టారు పళ్లెంలో నీళ్లు పోసి, పైన మిరియాల పొడి చల్లారు. సబ్బు రాసిన వేలు మధ్యలో పెట్టగానే పొడంతా అంచులకు పరుగెత్తింది. మేమంతా చప్పట్లు కొట్టాం. ఒక అమ్మాయి మాత్రం లేచి, "సబ్బు తోసిందా మాస్టారూ, అంచున ఉన్న నీళ్లు లాక్కున్నాయా?" అని అడిగింది. మాస్టారు కాసేపు ఆలోచించి, "లాక్కున్నాయమ్మా" అన్నారు.

ఆ ప్రశ్న విలువ నాకు ఇంజనీరింగులో చేరాక గానీ తెలియలేదు. నీటి లోపల ఉన్న అణువును పక్క అణువులు అన్ని వైపులా లాగుతాయి. ఉపరితలం మీది అణువుకు పైన తోడు లేదు కనుక లోపలికి లాగుడెక్కువ. నీటి పైభాగం బిగువుగా ఉండేది అందుకే. దాన్నే తలతన్యత అంటాం. 25 డిగ్రీల దగ్గర అది మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. సబ్బు తగిలిన మధ్యభాగంలో ఆ బిగువు సడలింది, అంచున సడలలేదు. పొడి బిగువున్న వైపుకు పోయింది.

ఇవన్నీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఇనుప ట్యాంకుకు రంగు వేయిస్తున్నాం. కడిగిన గోడ చూపించి హెల్పర్ అన్నాడు: "ఇక్కడ నీళ్లు పరుచుకోవట్లేదు సార్, ముత్యాల్లా నిలబడుతున్నాయి." ఆరబెట్టి రంగు వేసెయ్యమన్నాను. కొన్ని నెలలకే సరిగ్గా అక్కడ రంగు పొట్టులా లేచింది. కంటికి కనిపించని నూనె పొర అది. శుభ్రమైన ఇనుము మీద నీరు తెగకుండా పరుచుకుంటుంది. చదువుకున్న నాకు తట్టనిది అతని కంటికి కనిపించింది.

జర్మనీలో ఆగ్నెస్ పోకెల్స్ అనే ఆవిడ ఉండేవారు. అప్పట్లో అక్కడ ఆడపిల్లలకు విశ్వవిద్యాలయ ప్రవేశం లేదు. ఇంటి పనులు చూసుకుంటూనే రేకు తొట్టిలో నీళ్లు పోసి, పైన అడ్డంగా పెట్టిన రేకు పట్టీని జరుపుతూ తలతన్యత ఎలా మారుతుందో కొలిచారు. తన ఫలితాలను 1891లో లార్డ్ రేలీకి ఉత్తరంగా రాస్తే, ఆయన దాన్ని 'నేచర్' పత్రికలో అచ్చు వేయించారు. ఉపరితల రసాయన శాస్త్రంలో కృషికి 1932లో నోబెల్ అందుకున్న లాంగ్‌మ్యూర్ వాడిన తొట్టికి మూలం ఆవిడ తొట్టే. అదే ఏడాది ఆవిడకు బ్రౌన్‌ష్వైగ్‌లో గౌరవ డాక్టరేట్ ఇచ్చారు.

మా తరగతిలో ప్రశ్న అడిగిన అమ్మాయి చదువు పదితో ఆగిపోయింది. కాలేజీ దూరమన్నారు, బస్సు ఖర్చన్నారు. ఆవిడ ఇవాళ ఈ సభలోనే ఉన్నారు. ఆవిడను అడిగే ఈ మాట చెబుతున్నాను.

స్వర్ణోత్సవ గుర్తుగా ఆర్చి కడదామని కొందరన్నారు. కట్టండి, కాదనను. అంతకంటే ముందు, మన బడిలో పది పాసై ఇంటి దగ్గర ఆగిపోయే ప్రతి ఆడపిల్లకూ ఇంటర్ ఫీజు, బస్సు పాసు మన సంఘమే కడుతుందని ఇవాళ తీర్మానం చేద్దాం. మొదటి ఏడాది ఖర్చు నాది.

సెలవు.