అంబుకు ఈక కట్టే మిషన్లు: ఏది అడగాలె, ఏది వద్దనాలె

 

ఈ మధ్య పిల్లలు ఫోన్లల్ల వీడియోలు చూపించి "సార్, గీ జిగ్గు కొనియ్యండి" అంటున్నరు. అంబుకు ఈకలు అతికించే పనిముట్టు అది. రేపు ఏదన్న పథకం కింద ఆట సామాన్లు ఇస్తమని వస్తే, వాళ్లు ఇచ్చింది తీసుకునుడు కాదు, ఏది కావాల్నో మనమే చెప్పాలె. అందుకే ఈ మాట.

జిగ్గు చేసే పని చిన్నదే. మూడు ఈకల్ని నడుమ 120 డిగ్రీల దూరంతో, అన్ని అంబులకూ ఒకే వాలులో, ఒకే ఎత్తులో నిలబెడతది. పోటీలో ఇది ముఖ్యం. అడవిలో ఒక్క అంబు సక్కగ పోతే చాలు. పోటీలో అన్నీ ఒక్క తీరుగ పోవాలె.

ఒకే క్లాంపు ఉండేది ఒక రకం. ఒక్కో ఈక అతికించి, ఆరినంక తిప్పి ఇంకోటి పెట్టాలె. మూడు ఈకలూ ఒకేసారి పట్టేది ఇంకో రకం. చూడటానికి ఇదే బాగుంటది, కానీ అది ఒకే లావున్న ఫ్యాక్టరీ పుల్లకు చేసింది. మన వెదురు పుల్ల ఒక్కోటి ఒక్కో లావు, కణుపుల దగ్గర ఇంకో తీరు. గాడి గూడ మనం కత్తితో కోసిందే, మిషన్‌లో కుదురుగా కూసోదు. కాబట్టి ఒంటి క్లాంపుదే నయం. అది గూడ మనిషికొకటి అక్కరలేదు, శిక్షణ జరిగే చోట ఒకటి చాలు. అదీ లేకుంటే కాగితం పట్టీని పుల్ల చుట్టూ తిప్పి, చుట్టుకొలతకు కోసి, మూడు మడతలు పెట్టి గుర్తులు గీయండి.

ఒక అంబుకు పెట్టే మూడు ఈకలూ ఒకే పక్క రెక్కవి కావాలె. కుడివి, ఎడమవి కలిపితే ఏ జిగ్గూ కాపాడదు. క్లాంపు వాలు గూడ ఆ పక్కకే ఉండాలె. పుల్ల వంకరగ ఉన్నా అంతే. నిప్పు సెగకు కాచి వంకర తీసే పని మన తాతలదే, దానికి పార్సిల్ల వచ్చే మిషన్ లేదు.

ఇగ ప్లాస్టిక్ రెక్కలు. వానకు తడవయి, దూరం బాగ పోతయి. 70 మీటర్ల ఒలింపిక్ ఆటకు అవే మేలు. రాజస్థాన్ ఆదివాసీ బిడ్డ లింబా రామ్ వెదురు విల్లుతో మొదలుపెట్టి 1988లో సియోల్ ఒలింపిక్స్‌కు పోయిండు, మన పిల్లలూ అంతదూరం పోతే అప్పుడు అవి కొందాం. కానీ వెదురు విల్లుకు అంబు చేతి మీదుగ పోతది. ఈక ఆడ ఒత్తుకొని మళ్లీ లేస్తది. గట్టి ప్లాస్టిక్ తగిలి అంబు తోకను పక్కకు తంతది. 50, 30 మీటర్ల ఇండియన్ రౌండ్ ఆడే పిల్లలకు ఈకే కావాలె.

మరి ఈక యాడికెల్లి తేవాలె? ఇక్కడ జాగ్రత్త. 2006 అటవీ హక్కుల చట్టంలో చిన్న తరహా అటవీ ఉత్పత్తి అంటే చెట్టూ చేమా నుంచి వచ్చేది. వెదురు పేరు అందులో రాసి ఉంది, కాబట్టి పుల్ల మన హక్కు. ఈక అందులో లేదు. నెమలి 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో రాలిన ఈక ఏరుకొచ్చినా, చెక్‌పోస్టు కాడ ఆ పిల్లగాడు జవాబు చెప్పుకోవాల్సి వస్తది. తరతరాలుగా విల్లంబులు పట్టినోళ్లకు ఈక కాడ భయమేంది అని నాకూ మండుతది. ఆ కొట్లాట పెద్దలం చేద్దాం, పిల్లల అంబుల మీద పెట్టొద్దు. బజార్ల దొరికే అంబు ఈకలు ఎక్కువగ టర్కీ కోడి రెక్కవే. ఆ కోళ్లు పెంచేటోళ్లు మన దిక్కు గూడ ఉన్నరు, అడిగితే ఇస్తరు.

కాబట్టి ఐటీడీఏకు రాసే కాయితంలో ఇవి రాద్దాం: ఒంటి క్లాంపు జిగ్గు ఒకటి, మంచి జిగురు, కుడి ఎడమ వేరు చేసిన ఈకలు, పుల్లలు సరిజేసి నేర్పే పెద్దమనిషికి రోజు కూలి. ఆఖరుది కొట్టేయమంటరు. కొట్టేయొద్దు.