కాలేజీ మెట్లు - మన ఆడపిల్లలు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని స్త్రీ విద్య గురించి మాట్లాడమన్నారు. ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకునే మాకు అంత పెద్ద మాట నోరు తిరగదు. మన పిల్ల ఆడపిల్లల కాలేజీ గేటు దాటిన తరువాత అక్కడ ఏం జరుగుతుందో, అంతవరకే చెబుతాము.

ముందు హైదరాబాదు సంగతి. కోఠీ ఉమెన్స్ కాలేజీ 1924లో మొదలైంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతోనే పుట్టింది గనుక ఆ రోజుల్లో పెద్ద చదువులు మన భాషలోనే నడిచాయి. 1949లో ఆ కాలేజీ పాత బ్రిటిషు రెసిడెన్సీలోకి వచ్చింది. ఆ భవనం కట్టించిన రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ మన ఖైరున్నీసా బేగంను పెళ్లాడినవాడు. పరదా విడిచి ఆమె ముందువైపుకు రాలేదు గనుక, భవనం నమూనా చిన్నదొకటి జనానా తోటలో ఆమెకోసం కట్టించాడని చెబుతారు. ఆ నమూనా ఇప్పటికీ ఉంది. బేగంగారు బొమ్మలో చూసుకున్న మెట్లను ఆ తరువాత వేలమంది ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని ఎక్కారు. 2022లో ఆ కాలేజీయే మహిళా విశ్వవిద్యాలయమైంది.

హైదరాబాదు మనకు ఒక రాత్రి రైలు ప్రయాణం. మన ఊళ్లోనే, జ్ఞానాపురంలో, సెయింట్ జోసెఫ్ మహిళా కళాశాల 1958 నుంచి ఉన్నది. స్టీలు ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది 1971లో. అంటే ఉక్కుకన్నా మన ఊరికి ఆడపిల్లల కాలేజీయే ముందు వచ్చింది! మన కోటవీధి నుంచి అదేమంత దూరం?

మా బడిలో చదివి, ఊళ్లోని ఒక కాలేజీలో చేరిన అమ్మాయి చెప్పిన మాట వినండి. రెండు నెలలు ఆమె క్లాసులో నోరు విప్పలేదట. అర్థశాస్త్రంలో తలబ్, రసద్ అంటే ఆమెకు బాగా తెలుసు. లెక్చరరు డిమాండ్, సప్లయి అంటున్నారు. పక్కనున్న గాజువాక పిల్ల చెవిలో "గిరాకీ, సరఫరా" అని చెప్పగానే ఈమెకు నవ్వు వచ్చిందట. ఆ సరఫరా అన్నది తెలుగులోకి ఉర్దూనుంచి వెళ్లిన మాటే కదా! ఆ రోజునుంచి ఇద్దరూ ఒకే బెంచీ. మూడో ఏట ఈ అమ్మాయే వక్తృత్వపు పోటీలో తెలుగులో మాట్లాడింది. మేము వెళ్లి వెనుక వరుసలో కూర్చుని విన్నాము. రెండుచోట్ల ఒత్తులు తప్పాయి, ఉపాధ్యాయుడి చెవి గనుక పట్టేసింది. చప్పట్లు మాత్రం తగ్గలేదు.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పాలి. పన్నెండేళ్ల క్రితం పోర్టులో పనిచేసే ఒక తండ్రి మా దగ్గరకు వచ్చాడు. "మాస్టర్ సాబ్, ఇంటరైంది. అమ్మాయి బి.ఏ. చదువుతానంటోంది. ఏం చేయమంటారు?" అన్నాడు. "బి.ఏ.తో ఏమొస్తుంది భాయ్, మంచి సంబంధం చూడండి" అన్నాము. ఆయన మా మాట విన్నాడు. మొన్న జూన్‌లో ఆ అమ్మాయి తన కూతుర్ని మా బడిలో చేర్చడానికి వచ్చింది. ఫారం తనే నింపింది. తల్లి చదువు అన్నచోట ఇంటర్ అని రాసి, కాసేపు కలం అక్కడే ఆపింది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే మాకు కాస్త తేలికగా ఉండేది.

ఏమొస్తుంది అన్న ప్రశ్నకు జవాబు చిన్నదే. బి.ఏ. తరువాత బి.ఎడ్. చేసి టీచరు కావచ్చు, గ్రూప్స్ రాయవచ్చు. ఏదీ కాకపోయినా బ్యాంకు కాగితం, ఆసుపత్రి కాగితం తనే చదివి సంతకం పెడుతుంది. హాస్టలంటే భయపడేవారు ఒకసారి వెళ్లి చూసి రండి. మన ఇళ్లల్లో లేనన్ని రిజిస్టర్లు అక్కడున్నాయి.

అసలు కష్టం భాష. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదువు ఇంగ్లీషు మీడియమైంది. అందుచేత సంఘంవారిని రెండు కోరుతున్నాము. డిగ్రీలో చేరిన పిల్లల చదువు ఖర్చు ఈ ఏటి నిధిలో రాయండి. పది, ఇంటరు ముగిసిన పిల్లలకు ఆదివారాలు పదినుంచి పన్నెండు వరకు ఇంగ్లీషు, తెలుగు చెప్పించండి. తెలుగు మేము చెబుతాము. ఇంగ్లీషుకు ఆ వక్తృత్వపు అమ్మాయి ఒప్పుకున్నది. గది అడిగి ఉంచాము, నల్లబల్ల ఉన్నది. పేర్లు ఈ సభ అయ్యాక ఇక్కడే రాసుకుంటాము. తల్లులు ముందు రండి.