సాదా తీగతో పోటీ

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను లోహాలతో పనిచేసే ఇంజనీరును, వైద్యుణ్ణి కాను. అయినా ఈరోజు మెదడులో పెట్టే ఒక తీగ గురించి చెబుతాను. మన ల్యాబులో నేర్చుకున్న పాఠం ఒకటి అందులో ఉంది.

మెదడులోని ధమని గోడ ఒకచోట బలహీనపడితే, పాత సైకిల్ ట్యూబు ఉబ్బినట్టు అక్కడ చిన్న బుడగ వస్తుంది. దాన్నే అన్యూరిజమ్ అంటారు. చాలామందిలో అది జీవితాంతం బయటపడదు. పగిలితే మాత్రం ప్రాణాపాయం. ఒకప్పుడు పుర్రె తెరిచి బుడగ మెడకు క్లిప్పు పెట్టేవారు. 1990లో లాస్ ఏంజెలెస్‌లో ఇటలీ వైద్యుడు గుయిడో గుల్యెల్మీ మరో దారి చూపారు. గజ్జ దగ్గరి ధమనిలోంచి సన్నని గొట్టం పంపి, బుడగలో ప్లాటినం తీగచుట్టలు నింపారు. కొద్దిపాటి విద్యుత్తు పంపితే ఉక్కు అతుకు రక్తంలోనే కరిగి, చుట్ట లోపల ఉండిపోతుంది. మనం బీకరులో చూసిన విద్యుద్విశ్లేషణే!

ప్లాటినమే ఎందుకంటే, సన్నని తీగగా తీస్తే మెత్తగా వంగుతుంది, తుప్పు పట్టదు, ఎక్స్-రేలో స్పష్టంగా కనిపిస్తుంది. బలం కోసం కొంత టంగ్‌స్టన్ కలుపుతారు.

2002లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరీక్షలో, బుడగ పగిలిన 2,143 మందిని క్లిప్పుకు, తీగకు పంచారు. ఏడాది తర్వాత చనిపోయినవారు, పరాధీనులైనవారు కలిపి క్లిప్పు వర్గంలో 30.6 శాతం, తీగ వర్గంలో 23.7 శాతం.

అయితే తీగకూ ఒక లోపం ఉంది. ఎంత కూరినా బుడగలో సుమారు మూడో వంతుకు మించి లోహం పట్టడం కష్టం. మిగతాదంతా గడ్డకట్టిన రక్తమే. కొన్నాళ్లకు చుట్ట అణిగి, బుడగ మళ్లీ తెరుచుకోవచ్చు.

దీనికి రెండు మంచి ఆలోచనలు వచ్చాయి. ఒకటి, కరిగిపోయే కుట్లలో వాడే రకం పాలిమర్‌ను తీగకు పూయడం. అది కణజాలాన్ని రెచ్చగొట్టి గాయాన్ని త్వరగా మాన్పుతుందని ఆశ. రెండోది హైడ్రోజెల్. నీళ్లలో సబ్జా గింజల్లా రక్తంలో ఉబ్బి, ఖాళీలు పూడుస్తుంది.

రెండూ వినగానే నమ్మబుద్ధి అవుతాయి. కానీ మన సైన్సు మాస్టారు ప్రతి ప్రయోగానికీ అడిగే ప్రశ్న ఒకటుంది: "దేనితో పోల్చి చెబుతున్నావురా?"

పోల్చి చూశారు. పాలిమర్ పూత తీగను 626 మందిలో సాదా ప్లాటినంతో పోలిస్తే, పూత తీగ మెరుగని తేలలేదు. హైడ్రోజెల్‌పై 499 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. బుడగ పెద్దగా తెరుచుకోవడం 8.6 శాతం పాయింట్లు తగ్గింది. కానీ ముందే నిర్ణయించుకున్న ప్రధాన కొలమానంలో స్పష్టమైన తేడా రాలేదు. అంతటితో ఆగలేదు, జెల్‌ను మార్చారు. కొత్త తరం తీగలతో 600 మందిపై చేసిన పరీక్షలో బుడగ తిరిగి తెరుచుకోవడం సాదా ప్లాటినం కంటే తగ్గింది.

ఒక ఆలోచన వీగిపోయింది, మరొకటి దిద్దుకుని నిలబడింది. ఏది ఏదో ముందే చెప్పగల తెలివి మా ఇంజనీర్లకు లేదు. సాదా తీగను పక్కన పెట్టి కొలిస్తేనే తెలిసింది.

గురువులకు నా విన్నపం: పిల్లలచేత ఆ ప్రశ్న అడిగిస్తూనే ఉండండి. మిత్రులారా, మన ఇంట్లో ఎవరికైనా "కొత్తది, ఖరీదైనది" పెడతామన్నప్పుడు, పాతదానితో పోలిస్తే ఎంత మేలని డాక్టరుగారిని మర్యాదగా అడగండి. మంచి డాక్టరు సంతోషంగా చెబుతారు.

ఇంకొక్క మాట. ఎన్నడూ ఎరగనంత తీవ్రమైన తలనొప్పి ఒక్కసారిగా వస్తే మాత్ర వేసుకుని పడుకోవద్దు. ఆ క్షణమే పెద్దాసుపత్రికి బయలుదేరండి. ఏ తీగ పెట్టాలన్నది ఆ తర్వాతి మాట.

సెలవు.