కేస్ స్టడీ మొత్తం రాసినా 9కి 4 మార్కులేనా? జీసీఎస్‌ఈ జాగ్రఫీ

ఇంగ్లాండ్‌లో జీసీఎస్‌ఈ రాసే మన తెలుగు పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "అక్కా, నేపాల్ భూకంపం గురించి అంతా రాశాను. తేదీ, తీవ్రత, అంకెలు అన్నీ కరెక్టే. మరి 9కి 4 ఎందుకు?" ఇంట్లో అమ్మానాన్నలేమో, "పేజీన్నర నింపావు కదరా, మార్కులెటు పోయాయి?" అంటారు. వాళ్ల రోజుల్లో ఎన్ని అడిషనల్ షీట్లు తీసుకుంటే అంత ధైర్యం. ఇక్కడ ఆ లెక్క నడవదు. ఎందుకో చూద్దాం. నేను ఏక్యూఏ బోర్డు గురించి చెబుతున్నా.

9 మార్కుల ప్రశ్నకి ఎగ్జామినర్ పాయింటుకో టిక్కు పెట్టి కూడుకుంటూ పోరు. జవాబు మొత్తం చదివి, ముందు అది ఏ లెవెల్‌దో తేలుస్తారు. లెవెల్ 1 అంటే 1 నుంచి 3, లెవెల్ 2 అంటే 4 నుంచి 6, లెవెల్ 3 అంటే 7 నుంచి 9. ఆ లెవెల్‌లో ఎన్ని మార్కులు అనేది తర్వాత సంగతి. సాధారణంగా ఈ 9 మార్కుల్లో మూడు వాటాలుంటాయి: నీకేం తెలుసు, ఎందుకలా జరిగిందో అర్థమైందా, దాన్ని వాడి ప్రశ్నకి ఒక తీర్పు చెప్పగలవా. అంకెలు ఎన్ని గుమ్మరించినా నిండేది మొదటి వాటా ఒక్కటే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ప్రశ్న ఇలా ఉందనుకోండి: "భూకంప నష్టం దేశ సంపదను బట్టే ఉంటుంది. ఎంతవరకు ఒప్పుకుంటావు?"

చాలామంది ఇలా రాస్తారు: "2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. సుమారు 9,000 మంది చనిపోయారు. 2010లో చిలీలో 8.8 తీవ్రతతో వచ్చింది. 500 మందికి పైగా చనిపోయారు." అన్నీ నిజాలే. కానీ ప్రశ్నకి జవాబెక్కడుంది?

ఇప్పుడు అవే నిజాలు, ఇంకోలా: "చిలీ భూకంపం విడుదల చేసిన శక్తి నేపాల్‌ దానికి దాదాపు 32 రెట్లు. అయినా ప్రాణనష్టం చాలా తక్కువ. కారణం, 1960లో 9.5 తీవ్రతతో భూకంపం చూసిన చిలీ, ఇళ్లు కట్టడానికి గట్టి నిబంధనలు పెట్టుకుంది. నేపాల్ పల్లెల్లో మట్టితో పేర్చిన రాతి, ఇటుక ఇళ్లు ఎక్కువ కాబట్టి కూలిపోయాయి. అలాగని సంపద ఒక్కటే కారణం కాదు. నేపాల్‌లో ఆ రోజు శనివారం, బడులకి సెలవు. వేల తరగతి గదులు కూలినా పిల్లలు లోపల లేరు. కాబట్టి సంపద ముఖ్యమే, కానీ అనుభవం, భూకంపం వచ్చిన సమయం కూడా నష్టాన్ని మారుస్తాయి."

తేడా కనిపించిందా? "అయినా", "కారణం", "కాబట్టి", "అలాగని". ఈ చిన్న మాటలే జవాబుని పై లెవెల్‌కి ఎక్కిస్తాయి. మాట ఊరికే తగిలిస్తే చాలదు, దాని వెనక నిజంగా కారణం ఉండాలి.

ఇంకో రెండు విషయాలు. ఒక అంకె తప్పు రాస్తే ఉన్న మార్కులు కోసెయ్యరు, సరిగ్గా రాసినదానికి ఇస్తారు. కాబట్టి మరణాల సంఖ్య గుర్తు రాలేదని భయపడి ప్రశ్న వదిలెయ్యొద్దు. రెండోది, కొన్ని 9 మార్కుల ప్రశ్నలకి స్పెల్లింగ్, గ్రామర్, సబ్జెక్ట్ పదాల కోసం ఇంకో 3 మార్కులు విడిగా ఉంటాయి. చివర్లో ఒక్క నిమిషం ఉంచుకుని జవాబు తిరిగి చదవండి.

ఈ వారం మీ పని. మీ పాత జవాబు ఒకటి తీసి, నిజాల కింద నీలం గీత, కారణాల కింద ఎర్ర గీత, తీర్పు కింద ఆకుపచ్చ గీత గీయండి. పేజీ అంతా నీలమే కనిపిస్తే, మార్కులు ఎక్కడ ఆగాయో మీకే తెలుస్తుంది. పాత పేపర్ల మార్క్ స్కీములు బోర్డు సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి, అవి పక్కన పెట్టుకుని చూడండి.

మీకు ఏ రంగు ఎక్కువొచ్చిందో కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.